పడవ పెట్టె తాళంచెవి

మే 4, ఆదివారం

రిజర్వాయరు ఒడ్డు మీది రేకుల షెడ్డు తలుపుకు ఈ రోజు మూడు మేకులు కొట్టాను. మూడు ఇత్తడి బిళ్ళలు — నాది, రాజలింగానిది, యూసుఫ్‌ది. పేర్లు మంచిర్యాలలో చెక్కించుకొచ్చాను. పద్ధతి గనిలోదే. బిళ్ళ మేకుకు తగిలించాలి, లైఫ్ జాకెట్టు తీసుకోవాలి. తిరిగొచ్చి జాకెట్టు అప్పజెప్పాక బిళ్ళ తీసుకోవాలి. మేకు మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా నీళ్ల మీద ఉన్నట్టు. గని మీద లాంపురూములో ముప్పై ఏళ్లు దీపాలిచ్చాను. షిఫ్టు అయ్యాక బిళ్ళ మిగిలితే కింద మనిషి మిగిలాడని అర్థం. అంతకంటే మంచి పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

రాజలింగం బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గాలమేయ పోతున్నమా, బొగ్గు తవ్వ పోతున్నమారా లాంపూ?" ఆ పేరు వాడు పెట్టిందే. రిటైరైనా వదల్లేదు.

జాకెట్లు పడవ వెనక బల్ల కింద ఫైబరు పెట్టెలో ఉంటాయి. ఒక్కోదానికి ఒక ఈల కట్టాను. తాడు, టార్చి, కట్టుకట్టే సామాను కూడా అందులోనే. నాలుగో జాకెట్టు ఉండేది, పోయిన నెల ఎవరో ఎత్తుకుపోయారు. తర్వాత చూస్తే ఒక ట్రాక్టరు సీటు మీద మెత్తగా పరిచి ఉంది. అందుకే తాళం. తాళంచెవి ఒక్కటే, నా దగ్గర. రెండోది చేయించమని యూసుఫ్ అడిగాడు. చేయించను. ఇద్దరి చేతుల్లో ఉన్న తాళం ఎవరి చేతిలోనూ లేనట్టే.

మే 11, ఆదివారం

మండుతోంది. రాసి చల్లారాలి.

పడవ కదలనివ్వలేదు నేను. రాజలింగం జాకెట్టు భుజాన వేసుకొని బెల్టు పెట్టుకోలేదు. పెట్టుకో అన్నాను. ఒడ్డు మీద కరీంనగర్ నుంచి వచ్చిన గాలం కుర్రాళ్లు పది మంది దాకా ఉన్నారు. వాళ్ల ముందు వీడు అటెన్షన్లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. "దీపమియ్యుండ్రి సారూ, గనిల దిగాలె." అందరూ నవ్వారు. సరే, నేనూ నవ్వాను. అక్కడితో ఆగితే బాగుండేది.

"వీడు ముప్పై ఏండ్లు గని మీద కూసున్నడు. ఒక్కనాడు కిందికి దిగలే. మాకు భయం నేర్పుతడు."

యూసుఫ్ కూడా నవ్వాడు. తర్వాత నా మొహం చూసి మోటారు తాడు లాగుతూ అటు తిరిగాడు.

నిజమే. దిగలేదు. రాజలింగం పనిచేసిన చోట ఒక్క గంట నిలబడలేదు. నేను గదిలో, ఫ్యాను కింద కూర్చున్నాను, వాడు పై కప్పు కూలే చోట. అది నిజం కాబట్టే ఇంత మండింది. రోజంతా ఒక్క చేపా పడలేదు.

మే 17, శనివారం

యూసుఫ్ ఫోన్. రేపు సాయంత్రం నాలుగింటికి పోదామని. మోకాలు నొప్పి అన్నాను. మోకాలు బాగానే ఉంది.

మే 18, ఆదివారం

రాజలింగం లేడు. ఇంకా దొరకలేదు. గాలి ఇప్పుడు తగ్గింది.

మే 19, సోమవారం

పొద్దున ఏడింటికి దొరికాడు. మునిగిన అడవి మోడులున్నాయి కదా, అక్కడ. చేపలు పట్టేవాళ్లు తెచ్చారు.

మెడలో ఫోను. నీళ్లు పోని ప్లాస్టిక్ సంచి నేను కొనిచ్చిందే. ఫోను పొడిగా ఉంది. ఎవరో ఫోన్ చేస్తే మోగింది కూడా.

మే 21, బుధవారం

యూసుఫ్ వచ్చి కూర్చున్నాడు. తన బ్యాటరీల దుకాణం తెరవలేదట. చెప్పిందే మళ్లీ చెప్పాడు, నేను విన్నాను.

నాలుగున్నరకు నీళ్ల మీదికి పోయారు. పడమర కొంచెం నల్లగా ఉంది. ఐదు దాటాక గాలిదుమారం. వెనక్కి తిప్పబోతుంటే పడవ అడుగు మోడుకు తగిలి పక్కకు ఒరిగింది, ఇద్దరూ నీళ్లలో. యూసుఫ్ తిరగబడ్డ పడవను పట్టుకున్నాడు. రాజలింగానికి ఈత వచ్చు. "నువ్వు పట్టుకో, నేను ఒడ్డుకు పోయి మనుషులను తెస్త" అని ఈదాడు. ఈత వచ్చినవాడే నీళ్లకు చిక్కుతాడని మా బాపు అనేవాడు. గాలి తగ్గి చేపలు పట్టేవాళ్లు వచ్చి తీసేదాకా యూసుఫ్ గొంతు పోయేలా అరిచాడు. గాలికి ఎవరికీ వినపడలేదు. ఈలలు పెట్టెలో ఉన్నాయి.

"పడవ మునుగలే సత్తన్నా. నాకు సమజ్ కాలే, ఎట్ల తేలిందని."

నాకు సమజైంది. వెనక బల్ల కింద పెట్టెలో మూడు జాకెట్లు. తాళం వేసి ఉన్నాయి. అవి పడవను తేల్చాయి.

పోయేముందు చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "పోంగముందు నీకు ఫోన్ చేసిండన్నా, తాళంచెవి కొరకు. నేను మోటారు కాడుంటి, షెడ్డు కాడికెల్లి వచ్చిండు. పండుకున్నట్టున్నడు, ఎత్తుతలేడు అన్నడు. నేను ఇంకొక్కసారి చెయ్ అన్న. వద్దు, మోకాలు నొస్తున్నది గదా, పండనియ్ అన్నడు. నువ్వు ఫికర్ పెట్టుకోకు. నీ తప్పేమున్నది?"

నేను తల ఊపాను. ఊపాను... ఈ మెడ మీద ఉన్న తలే.

మే 23, శుక్రవారం

ఇక్కడైనా రాయాలి. ఇక్కడ కూడా అబద్ధమాడితే నాకింక చోటు లేదు.

ఎత్తాను.

మంచం మీద కూర్చుని ఉన్నాను, చొక్కా మేకుకు ఉంది, చొక్కా జేబులో తాళంచెవి. మొదటి రింగుకే ఎత్తాను. వాడు బతిమాలుకుంటాడని ఎదురుచూస్తున్నాను కాబట్టి.

"తాళంచెవి ఏడ పెట్టినవ్‌రా?"

"నా కాడనే ఉన్నది."

"యూసుఫ్‌ను బండి మీద తోలిస్త. పది నిమిషాలు."

"ఎందుకు? మొన్న అందరి ముంగట ఏమన్నవ్? భయం నేర్పుతున్ననా?"

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. తర్వాత, "జర నల్లగున్నదిరా మబ్బు."

"గని కిందికి దిగినోనివి. నీకు మబ్బేం జేస్తది? ఉట్టిగనే పో, ఏం గాదు. ఎవ్వల్ని తోలియ్యకు, నేను ఇయ్య."

నవ్వాడు. కోపంగా కాదు. అదే నవ్వు. "సరే తియ్, లాంపూ."

పెట్టేశాడు.

అంతే. ముప్పై ఏళ్లు వాడు నా చేతి నుంచి దీపం తీసుకొని దిగాడు, మళ్లీ తెచ్చి నా చేతికే ఇచ్చాడు. ఒక్కరోజు కూడా దీపం లేకుండా పంపలేదు. ఒకసారి బ్యాటరీ కొంచెం మసకగా ఉందని షిఫ్టు మొత్తాన్ని ఆపాను, మేనేజరు తిట్టినా. ఆ సత్తయ్య ఎవరు, ఈ సత్తయ్య ఎవరు?

యూసుఫ్‌కు అబద్ధం ఎందుకు చెప్పాడు? నన్ను తక్కువ చేయడం ఇష్టం లేకనా? నేను ఇవ్వనన్నానని చెప్పుకోవడం తనకు చిన్నతనమనా? అడగడానికి మనిషి లేడు.

మే 24, శనివారం

షెడ్డుకు పోయాను. పడవను లాక్కొచ్చి షెడ్డు ముందు పెట్టారు. తలుపు మీద రాజలింగం బిళ్ళ వేలాడుతోంది.

జాకెట్టు లేదు, ఇచ్చేవాణ్ని నేను లేను. ఎగతాళి చేసిన మనిషి. అయినా బిళ్ళ తగిలించి పోయాడు.

ముట్టుకోలేదు. తాళంచెవి ఇంకా నా జేబులోనే ఉంది. పెట్టె తెరవలేదు.

మే 28, బుధవారం

పదకొండో రోజు. పిట్టకు పెట్టారు. విస్తట్లో అన్నం, చేపల పులుసు, బీడీ కట్ట, గ్లాసులో కొద్దిగా మందు. అందరం దూరంగా నిలబడ్డాం. కాకి రాలేదు. అరగంట. ఒకటి వచ్చి గోడ మీద కూర్చుంది, విస్తరి వైపు చూసి ఎగిరిపోయింది.

"ఏదో మనసుల వెట్టుకున్నడు" అన్నారు పెద్దవాళ్లు. కొడుకు మొక్కాడు. బిడ్డ మొక్కింది, అవ్వను మంచిగ చూసుకుంటం బాపూ అని. రాలేదు. అప్పుడు వాడి భార్య సుజాత నా వైపు చూసింది. "సత్తన్నను మొక్కమనుండ్రి. ఆయనకు దోస్తంటె పానం."

అందరూ దారి ఇచ్చారు. నేను ఇలాంటివి నమ్మను. కాకికి ఆకలేస్తే వస్తుంది, మనుషులు దగ్గరుంటే రాదు, అంతే. చేతులు జోడించాను. లోపల ఒక్క మాట అనుకున్నాను: చెప్తాను.

వచ్చింది. నేను వెనక్కి అడుగేసేలోపే వచ్చి ముట్టింది. జనం నిట్టూర్చారు. సుజాత నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది. "ఆ పొద్దు నువ్వుంటే గిట్ల కాకపోవు అన్నా. నువ్వు జాకెట్టు లేంది ఎక్కనియ్యకపోదువు."



జూన్ 1, ఆదివారం

గాలం కుర్రాళ్లు ఒడ్డు మీద మీటింగు పెట్టారు. రాజలింగం ఫోటో, పూలదండ. నన్ను మాట్లాడమన్నారు, జాకెట్టు ఎలా వేసుకోవాలో చూపమన్నారు. ఎవరిదో కొత్త జాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టారు.

చేతులు వాటంతటవే పని చేశాయి. మూడు బెల్టులూ పెట్టుకోవాలి, భుజాల దగ్గర పట్టి పైకి గుంజి చూడాలి, చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్టు. ఈల నోటికి అందాలి. సీటు మీద వేసుకొని కూర్చోవద్దు, లోపలిది నలిగి తేలదు. పడవ తిరగబడితే పడవను వదలొద్దు, ఈత వచ్చినా సరే. ఎక్కడికి పోతున్నారో, ఎప్పుడు వస్తారో ఒడ్డు మీద ఒకరికి చెప్పి పోవాలి...

చక్కగా చెప్పాను. నాకే అసహ్యం వేసేంత చక్కగా.

ఒకడు లేచాడు. "పెద్దన్నా, జాకెట్లు పడవలనే ఉన్నయంటగా. మరి ఎందుకేసుకోలే?"

నోరు తెరిచాను. ఇదే సమయం అనుకున్నాను, నిజంగా అనుకున్నాను. ఈలోపే యూసుఫ్ లేచాడు. "తాళంచెవి ఈయన కాడుండె. ఫోన్ చేసిండు, ఈయన పండుకున్నడు, తెల్వలే. ఈయనను పరేషాన్ చెయ్యకుండ్రి." ఆ కుర్రాడు సారీ చెప్పి కూర్చున్నాడు. నేను నోరు మూశాను.

చప్పట్లు కొట్టారు.

జూన్ 4, బుధవారం

సుజాత ఇంటికి పోయాను. చెప్పాలనే పోయాను. చాట ముందు పెట్టుకొని బీడీలు చుడుతోంది. చాట పక్కన రాజలింగం ఫోను. పోలీసులు తిరిగిచ్చారట.

"అన్నా, నీకొక సంగతి చూపియ్యాలె. గీ ఫోన్ల ఆయన మాట్లాడినయన్ని రికార్డయి ఉన్నయి. ఎవ్వలతోని మాట్లాడినా దానంతట అదే చేసుకున్నది. నాకు తెల్వనే తెల్వది. మొన్న బిడ్డ చూపెట్టింది."

గోడకు ఆనుకున్నాను.

ఒకటి పెట్టి వినిపించింది. రాజలింగం గొంతు. ఆఁ, వస్తున్న, కూరేం వండకు, చాప తెస్తున్న. సుజాత నవ్వింది, బీడీ చుట్టే చేయి ఆపకుండా. "తేలే ఆ పొద్దు. వట్టి చేతులతోనే వచ్చిండు. కారం మెతుకులు తిన్నం."

రోజుకొకటి వింటుందట. అన్నీ ఒకేసారి వింటే అయిపోతాయి కదా అని. పాతవాటి నుంచి మొదలుపెట్టింది. ఇంకా ఇరవై దాకా ఉన్నాయట.

చాయ్ ఇచ్చింది. తాగాను. చెప్పలేదు.

జూన్ 5, గురువారం

చివరిది నాది.

జూన్ 8, ఆదివారం

ఫోను అడిగి తీసుకొని చెరిపేస్తే? బాగు చేయిస్తానని, మోటారు కాగితం ఫోటో అందులో ఉందని, ఏదో ఒకటి చెప్పి. సుజాత ఇస్తుంది. నేనడిగితే కాదనదు. ఒక్క వేలు పెడితే పోతుంది.

ఈ ఆలోచన రాగానే తరిమేశానని రాసుకుంటే బాగుండు. తరమలేదు. పొద్దంతా దాంతోనే ఉన్నాను. గొర్రె కసాయివాణ్ని నమ్మినట్టే, ఆమె ఫోను నా చేతిలో పెడితే.

జూన్ 9, సోమవారం

అన్నం ముందు కూర్చుని లేచాను. కమల పళ్లెం తీయలేదు. ముప్పై ఐదేళ్ల కాపురం, నా నడకలో తేడా కూడా పట్టేస్తుంది.

"నేనిన్న" అంది.

"ఏం విన్నవ్?"

"ఆ పొద్దు. నువ్వు ఫోన్ల అన్నయన్ని. వంటింట్లనే ఉన్న గదా."

ఇన్ని రోజులు నోరు మెదపలేదు. నేను ఎత్తలేదని ఊరంతా అనుకుంటుంటే పక్కనే నిలబడి విన్నది. ఎందుకు చెప్పలేదన్నాను.

"ఏం చెప్పాలె? నువ్వే చెప్తవని చూసిన."

సుజాతకు చెప్పేస్తానన్నాను, కాకి దగ్గర మొక్కానని. పళ్లెం చేతిలోకి తీసుకుంది. "చెప్తె నీ గుండె తేలికైతది. ఆమెదేమైతది? ఇప్పుడు దేవుడు తీస్కపోయిండని ఏడుస్తున్నది. రేపటికెల్లి నువ్వు చంపినవని ఏడ్వాలెనా?"

"అయితే చెప్పొద్దా?"

"నాకు తెల్వది. నువ్వు చెప్పినా తప్పే, చెప్పకున్నా తప్పే. చేసేనాడు ఆలోచన ఉండాలె."

అంతకంటే ఎక్కువ ఎవరూ అనలేరు.

జూన్ 13, శుక్రవారం

వాన. మొదటి వాన. ఈ వానకు కొర్రమట్ట చేపలు ఎదురెక్కుతాయి, వాడుంటే ఈ పాటికి ఇంటి ముందు హారన్ కొడుతుండేవాడు.

జూన్ 15, ఆదివారం

షెడ్డుకు పోయి పెట్టె తెరిచాను. నెల తర్వాత. మూడు జాకెట్లు. మురిగిన వాసన. వాడిది వాడు మడిచినట్టే ఉంది, బెల్టులు లోపలికి పెట్టి, చొక్కా మడిచినట్టు. నేను చెప్పిన పద్ధతి కాదు. మొన్నటి దాకా దీనికి కూడా తిట్టాను.

అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. నేను ఎవరికి జాగ్రత్తలు చెప్పాను ఇన్నేళ్లు? జాగ్రత్త అంటే నాకు మనుషుల మీద ప్రేమ అనుకున్నాను. కాదేమో. తాళంచెవి నా దగ్గరుండటం మీద ప్రేమ. అందరూ వచ్చి నా కిటికీ ముందు చేయి చాపాలి. వాడు ఒక్కసారి చేయి చాపకుండా నవ్వాడు, అంతే, నేను కిటికీ మూసేశాను.

తాళం మళ్లీ వేయలేదు. పెట్టె మూత అలాగే వదిలేశాను. బిళ్ళ మాత్రం తీయలేకపోయాను.

జూన్ 17, మంగళవారం

ఏడు మిగిలాయట. యూసుఫ్ చెప్పాడు. నిన్న సుజాత విన్నదాంట్లో తనూ రాజలింగమూ మోటారు ఆయిలు గురించి కొట్లాడుకున్నారట, యూసుఫ్ నవ్వుతూ చెప్పి, కళ్లు తుడుచుకున్నాడు. "నీది ఉంటే నువ్వు గూడ పోయి ఇనన్నా. దిల్ హల్కా అయితది."

జూన్ 20, శుక్రవారం

వీధి చివర దాకా పోయాను. సుజాత వాకిలి ఊడుస్తోంది. వెనక్కి వచ్చాను. కనిపించానో లేదో.

కాగితం మీద రాసి ఇద్దామనుకున్నాను. "చెల్లె సుజాతకు" అని రాశాను. అక్కడే ఆగింది. చెల్లె అని రాసే హక్కు ఎక్కడిది?

జూన్ 22, ఆదివారం

రెండు.

ఎలాగూ వింటుంది. నేను ముందు చెప్తే కనీసం నా నోటితో విన్నట్టు. చెప్పకపోతే వాడి ఫోనులో నుంచి నా గొంతు వింటుంది. ఉట్టిగనే పో, ఏం గాదు. ఆ గొంతు. ఈ తేడా ఆమెకేమైనా తేడానా? లేక ఇది కూడా నా కోసమేనా?

సాయంత్రం కమల నా చొక్కా ఉతికి ఆరేసింది. ఉతికే ముందు జేబులోంచి తాళంచెవి తీసి దేవుడి గూట్లో కాదు, టీవీ మీద కాదు — నా దిండు మీద పెట్టింది.

జూన్ 24, మంగళవారం

పొద్దున ఎనిమిదింటికి సుజాత ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాను.

"అన్నా, ఒక్కటే మిగిలింది. పేరు చూసిన. లాంపు అని ఉన్నది."

ఫోను రెండో చెవికి మార్చాను.

"దాని తర్వాత ఇంకేం లేదు. ఒక్కదాన్ని ఇనలేనన్నా. నువ్వు రా. కమలొదినెను గూడ తోల్కరా. చాయ్ పెడ్త."

"వస్తున్న చెల్లె" అన్నాను.

పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. అటువైపు చాట నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత మామూలుగా, కూర గురించి అడిగినట్టు అడిగింది.

"అన్నా, ఎత్తని ఫోన్ గూడ రికార్డైతదా?"

జవాబు కోసం ఆమె ఎదురుచూడలేదు, పెట్టేసింది.

తాళంచెవి జేబులో వేసుకున్నాను. కమల చెప్పులు వేసుకొని గడప దగ్గర నిలబడింది.